లొల్లి కోసం బెంగుళూరు దాకా

మహబూబ్‌నగర్ స్టేషన్లో మా రైలు ఆగేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల కోసం మా నాయిన గంట ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. చేతిలో జొన్నరొట్టెల మూట, పల్లిపొడి సీసా, న్యూస్‌పేపర్లో చుట్టిన ఇంకేదో పొట్లం. కిటికీ ఊచల్లోంచి మూట లోపలికి తోస్తూ, "యాడిదాక పోతుండ్రు, దేనికి పోతుండ్రు, ఒక్కరన్న సరిగ్గ చెప్పరు" అన్నాడు. ఆయన మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ముప్పై ఏళ్లు బియ్యం మిల్లులో పనిచేసిన మనిషి.

"బెంగుళూరుకు తాతా! కచేరికి!" అని మా మేనల్లుడు కూడా అరిచాడు.

"ఏం కచేరి?"

వాడు గిటారు వాయిస్తున్నట్టు చేతులు ఆడించి, తల ఊపి చూపించాడు. నాయినకు సగం అర్థమైంది. మిగతా సగం బోగీ మొత్తానికి వినిపించేలా తనే పూర్తి చేశాడు. "లొల్లా? లొల్లి వినడానికి బెంగుళూరు దాక పోవాల్నా? దీపావళి మొన్ననే అయిపాయె గద!"

బోగీ నవ్వింది. రైలు కదిలింది. పక్కనే నడుస్తూ పొట్లం కూడా అందించి, "మీ అమ్మ ఇచ్చింది, చెవులల్ల పెట్టుకోండ్రి" అన్నాడు. విప్పి చూస్తే దూది. కార్తీకం వచ్చి మూడు రోజులైంది. ఇంట్లో వత్తులకు తెచ్చిన దూదిలోంచి ఇంత గుంజి పంపింది అమ్మ.

అది 2011 అక్టోబరు 29, శనివారం. మరునాడు సాయంత్రం బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించబోతోంది. ఈ దేశంలో వాళ్లు అప్పటిదాకా ఒక్కసారి కూడా వాయించలేదు. 1981 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన బ్యాండ్ మన దగ్గరికి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. నిజానికి మొదట వినాల్సింది గుర్గావ్. శుక్రవారం రాత్రి అక్కడ జనం వచ్చి నిలబడ్డాక కార్యక్రమం వాయిదా అన్నారు, ఆ తర్వాత రద్దన్నారు. కొందరు వేదికెక్కి సామాను విరగ్గొట్టారు. ఆ దృశ్యాలు టీవీలో చూసిన మా అక్క, కొడుకును ఒంటరిగా పంపనని భీష్మించింది. అట్లా నేను ఈ కథలోకి వచ్చాను, అభిమానిగా కాదు, కాపలాగా. హాస్టల్లో ఉన్నప్పుడు నా గదిలో ఒకడు మెటాలికా క్యాసెట్ అరిగిపోయేదాకా వేసేవాడు, నేను ఇళయరాజాను పెట్టమని పోట్లాడేవాణ్ణి. నాకున్న అర్హత అంతే.

ప్రయాణమంటేనే నమ్మకం లేని రోజులవి. తెలంగాణ కోసం 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె ఆ సోమవారమే, 24న ఆగింది. బస్సులు, రైళ్లు, ఆఫీసులు, బడులు అన్నీ మూతపడి తెరుచుకుంటున్నాయి. సమ్మె జరిగినన్నాళ్లూ వాడు ఊరేగింపుల్లో జెండా పట్టుకుని తిరుగుతూనే, రాత్రిపూట ఇంటర్నెట్‌లో రైల్‌రోకో ఎన్ని రోజులుంటుందో వెతికేవాడు. రెండూ వాడికి అవసరమే. తెలంగాణ రావాలి, రైలూ పోవాలి.

రైల్లో నల్ల టీషర్టులు ఒకదాన్నొకటి పసిగట్టడం చూడాల్సిన దృశ్యం. కాచిగూడలో మా బోగీలో ఇద్దరే. కర్నూలులో ఇంకో ముగ్గురు ఎక్కారు. ఒకరి పేరొకరికి తెలియదు, కానీ చొక్కా మీదున్న బొమ్మ చూసి అది ఏ ఆల్బమో, ఏ ఏడాదిదో గుర్తుపట్టి పలకరించుకుంటారు. మా ఎదురు బెర్తులో ధర్మవరం వెళ్తున్న పెద్దావిడ చాలాసేపు వాళ్లను చూసింది. నల్ల బట్టలు, పెరిగిన గడ్డాలు, భుజాల దాకా జుట్టు. చివరికి చేతులు జోడించి అడిగింది. "మాల ఎప్పుడేసుకున్నారు స్వామీ?" ఆ కర్నూలు కుర్రాడి చొక్కా మీద ఇంత పుర్రె బొమ్మ ఉంది. వాడు గబుక్కున దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంకా లేదమ్మా" అన్నాడు. ఎంత మర్యాద! ఆవిడ కిందపడ్డ కళ్లజోడు తీసిచ్చి, ధర్మవరంలో సామాను దింపింది కూడా వాడే. లోకం భయపడే వేషం వేసుకుని లోకానికి భయపడుతూ బతికే పిల్లలు వీళ్లు అని ఆ రాత్రే నాకు అనిపించింది. మరునాడు ఆ అభిప్రాయం మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

బెంగుళూరు పొద్దున చినుకుతో దిగింది. చేతిలో చాలా టైముంది. దర్శిని హోటల్లో నిలబడి ఇడ్లీ తిని, మెట్రో చూద్దామన్నాడు మావాడు. దక్షిణాదిలో మొదటి మెట్రో సరిగ్గా పది రోజుల కింద, అక్టోబరు 20న మొదలైంది. బయ్యప్పనహళ్లి నుంచి ఎంజీ రోడ్డు దాకా ఆరే స్టేషన్లు. ఆదివారం కావడంతో ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో ఎక్కింది. ఎక్కడికీ పోవడానికి కాదు, ఊరికే ఎక్కి దిగడానికి. తలుపులు వాటంతటవే మూసుకుంటే చప్పట్లు కొట్టారు. మన హైదరాబాదుకు ఇది వచ్చేసరికి 2017 అయింది. ఆ ముచ్చట ఇంకోసారి.

మధ్యాహ్నం ఆటో ఎక్కి ప్యాలెస్ గ్రౌండ్స్ అన్నాం. డ్రైవర్ అద్దంలో చూసి తెలుగులో అడిగాడు. "ఏం సార్, పెండ్లా, మీటింగా?" ఆయన ప్రశ్నలో తప్పేం లేదు. మైసూరు ఒడయార్ల కోట చుట్టూ ఉన్న ఆ మైదానంలో పెళ్లిళ్లు, పార్టీ సభలు, ఎగ్జిబిషన్లు ఎన్ని జరుగుతాయో. కానీ రాక్ సంగీతం వినేవాళ్లకు అది వేరే తీర్థం. రోజర్ వాటర్స్ 2002లో, రోలింగ్ స్టోన్స్ 2003లో ఇక్కడే వాయించారు. ఐరన్ మెయిడెన్ మన దేశంలో తొలి కచేరి 2007 మార్చి 17న ఇక్కడే చేసింది. దానికి హైదరాబాదు నుంచి బయల్దేరిన కుర్రాళ్లు ఇప్పుడు నడివయసుకొచ్చి, లోన్లు కడుతూ, ఇంకా ఆ రాత్రి గురించే చెబుతుంటారు. అప్పట్లో హైదరాబాదుకు పెద్ద బ్యాండ్లు వచ్చేవి కావు. పోవాల్సింది మనమే. ఆ పోవడమే అభిమానంలో సగం అంటాడు మా మేనల్లుడు.

గేటు బయట క్యూ రోడ్డు వెంట వంకరలు తిరిగింది. పేవ్‌మెంట్ మీద దొంగ టీషర్టులు. ఒకదాని మీద బ్యాండ్ పేరులో ఒక అక్షరం తక్కువుంది, అయినా అమ్ముడుపోతోంది. క్యూలో మా ముందున్న నలుగురు దిమాపూర్ వాళ్లు. గువాహటి దాకా వచ్చి అక్కడ రైలెక్కి, రెండు రోజులకు పైగా కూర్చుని వచ్చారట. వాళ్లతో పోలిస్తే మాది పొరుగూరి జాతర. వెనక ఒక ఢిల్లీ జంట, గుర్గావ్‌లో తన్నులు తినకుండా బయటపడి రాత్రికి రాత్రే విమానం టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు. ఆమె వరుసగా మూడో రోజు ప్రపంచాన్ని నమ్మలేని ముఖంతో ఉంది. "స్టేజీ మీదికొచ్చి తీగ మీటేదాకా నేను నమ్మను" అంది. ఆ రోజే నోయిడా దగ్గర దేశంలో తొలి ఫార్ములా వన్ పందెం. ఆ చప్పుడుకు పోయినవాళ్లు అటు పోయారు, ఈ చప్పుడుకు వచ్చినవాళ్లు ఇటు వచ్చారు.

తనిఖీలో నాణేలు, లైటర్లు, బెల్టు, నీళ్ల సీసా అన్నీ తీసేసుకున్నారు. నా జేబులో పొట్లం విప్పించి, దూదిని చూసి, ఆ సెక్యూరిటీ మనిషి నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. గాయాలకు ముందే సిద్ధమై వచ్చాననుకున్నాడేమో. పోనిచ్చాడు.

లోపల నేల బురద. ముందు మన దేశపు బ్యాండ్లు, తర్వాత స్కాట్లాండ్ నుంచి వచ్చిన బిఫీ క్లైరో. జనం మర్యాదకు విన్నారు, మనసు అక్కడ లేదు. చీకటి పడ్డాక దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. తెర మీద సినిమా ముక్క, శ్మశానంలో సమాధుల మధ్య ఒకడు బంగారం కోసం పిచ్చిగా పరుగెత్తుతున్నాడు. ఎన్నియో మొరికోనే సంగీతం. 1983 నుంచి వీళ్ల కచేరీలకు అదే నాంది. అది 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' సినిమాలోది. ఆ తరహా సినిమాలు చూసే కదా మనవాళ్లు 1971లో కృష్ణకు టోపీ పెట్టి 'మోసగాళ్లకు మోసగాడు' తీసింది! ఎక్కడో ఇటలీవాడు కట్టిన బాణీ, కాలిఫోర్నియా బ్యాండుకు మంగళవాద్యం, బెంగుళూరు బురదలో నిలబడ్డ మహబూబ్‌నగర్ వాడికి కృష్ణ సినిమా గుర్తొచ్చే పాట. చుట్టూ వేలమంది ఆ రాగాన్ని గొంతెత్తి పాడుతున్నారు. మాటల్లేని పాట కాబట్టి భాష అడ్డు రాలేదు.

తర్వాత మొదటి దెబ్బ పడింది.

దాన్ని శబ్దం అనడం తక్కువ. నేను సిద్ధంగా ఉన్నది చెవులతో. అది వచ్చింది మాత్రం అరికాళ్లలోంచి. బురద వణికింది, ప్యాంటు గుడ్డ కాళ్లకు కొట్టుకుంది. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కాలు నొక్కినప్పుడల్లా నా రొమ్ము లోపల ఎవరో తలుపు తట్టినట్టయింది. మంద్ర స్వరాల సంగతి అంతే, వాటిని వినేది సగం, మోసేది సగం. మేము బాగా వెనకున్నాం. తెర మీద కర్ర డ్రమ్ము మీద పడుతుంది, స్టేజీ నుంచి చప్పుడు ఆ తర్వాత వస్తుంది. చిన్నప్పుడు చెరువుకు అవతలి గట్టున ఎవరో కట్టెలు కొడుతుంటే గొడ్డలి పైకి లేచాక చప్పుడు వినిపించేది, అట్లా. శబ్దం సెకనుకు 340 మీటర్లు నడుస్తుంది. వంద మీటర్ల వెనకున్నవాడికి సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యం. అందుకే మైదానం మధ్యలో స్పీకర్ల స్తంభాలు వేసి, వాటిని కావాలనే ఆ పిసరంత ఆలస్యంగా మోగిస్తారు, రెండు చప్పుళ్లు కలిసి మన దగ్గరికి వచ్చేలా. మా పెళ్లి మైకుసెట్ల వాళ్లకు ఈ సంగతి ఎవరన్నా చెబితే బాగుండు.

కాస్త ముందు జనం గుండ్రంగా జరిగి ఖాళీ చేశారు. దాన్ని పిట్ అంటారు. అందులో కుర్రాళ్లు ఒకరి భుజాన్ని ఒకరు ఢీకొంటూ గిరగిరా తిరుగుతున్నారు. నా కాపలా బుద్ధి ముందుకు ఉరికింది. కానీ రెండు నిమిషాలు చూశాక అది నాకు తెలిసిన ఆటే అనిపించింది. మా దగ్గర పీర్ల పండుగకు గుండం తవ్వి, నిప్పు చుట్టూ ఊరంతా కులం, మతం చూసుకోకుండా ఎగురుతూ తిరుగుతుంది. దూరం నుంచి చూస్తే తొక్కిసలాటలా ఉంటుంది. లోపలున్నవాడికి తెలుసు, అడుగుకు ఒక లెక్క ఉందని. ఇక్కడా అంతే. ఒకడు జారి బురదలో పడ్డాడు. పడిన క్షణంలోనే నాలుగు చేతులు వాణ్ణి లేపి నిలబెట్టాయి, ఒకడు వాడి చెప్పు వెతికి పైకెత్తి చూపించాడు. పడినవాణ్ణి లేపాలి, ఇదొక్కటే అక్కడి చట్టం. ఆ చట్టం తప్పిన చోట ఏమవుతుందో రాక్ చరిత్రకు తెలుసు. 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో ద హూ కచేరికి తలుపుల దగ్గరి తోపులాటలో 11 మంది చనిపోయారు. లోపల సంగీతం వల్ల కాదు, బయట సీటు నంబర్లు లేని టికెట్లు, చాలినన్ని తెరవని తలుపుల వల్ల.

పిట్ పక్కన ఒకమ్మాయి చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి కొమ్ముల ముద్ర పట్టి నిలబడింది. మైదానంలో అందరి చేతులూ అట్లానే ఉన్నాయి. సైతాను గుర్తు అని భయపడేవాళ్లున్నారు. దాన్ని ఈ సంగీతంలో వ్యాపింపజేసిన గాయకుడు రోనీ జేమ్స్ డియో మాత్రం అది తన ఇటాలియన్ బామ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. ఆమె దాన్ని వాడింది దిష్టి తగలకుండా! ఆ సంగతి చెవిలో అరిచి చెబితే మా మేనల్లుడు నమ్మలేదు. ఇంతమంది నల్లచొక్కాల వీరులు రాత్రంతా ఒకరికొకరు దిష్టి తీసుకుంటున్నారన్నమాట.

'వన్' మొదలయ్యే ముందు చీకట్లో తుపాకుల మోత. తర్వాత వరుసగా పేలుళ్లు, మంటలు. వేడి మా ముఖాల దాకా వచ్చింది. నాయిన అన్న దీపావళి ఇదే. 1988లో వచ్చిన ఆ పాట డాల్టన్ ట్రంబో నవల నుంచి పుట్టింది. యుద్ధంలో బాంబు పడి కాళ్లు, చేతులు, కళ్లు, చెవులు పోయి, ఆలోచన మాత్రం మిగిలిన సైనికుడి కథ. మెల్లగా మొదలై, చివరికి డ్రమ్ములు మెషిన్‌గన్‌లా మారిపోతాయి. వినడమే పోయినవాడి కథను, వింటే చెవులు పోయేంత గట్టిగా చెబుతున్నారు. అందరూ ఊగుతుంటే నేను మాత్రం మిల్లు గురించి ఆలోచించాను.

ఎందుకంటే లెక్క నాకు తెలుసు. నాయిన చెవుల కోసం తిరిగిన ఆసుపత్రుల్లో నేర్చుకున్న లెక్క. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ టైము సగం అవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు. 100 దగ్గర పావుగంటే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషికి అరిచి చెప్పాల్సి వస్తే 85 దాటినట్టే లెక్క. మిల్లులో వాళ్లు రోజంతా అట్లానే మాట్లాడుకునేవారు. చెవి లోపల ఒక్కోదానిలో సుమారు 15 వేల వెంట్రుక కణాలుంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. ఈ లార్స్ ఉల్రిక్‌కే చెవుల్లో ఎప్పుడూ హోరు, ఆయనే చెప్పుకున్నాడు. ద హూ వాళ్లు 1976లో లండన్‌లో 32 మీటర్ల దూరాన 126 డెసిబెల్స్ కొలిపించుకుని గిన్నిస్ పుస్తకమెక్కారు. ఆ తర్వాత గిన్నిస్ వాళ్లే భయపడి ఆ పోటీ ఎత్తేశారు. అంత పెద్ద చప్పుడు పుట్టించిన ఆ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వినికిడి కొంత పోగొట్టుకున్నాడు.

మా నాయిన కూలి తీసుకుని పోగొట్టుకున్నది మేము టికెట్ కొని పోగొట్టుకుంటున్నాం. దూది గుర్తొచ్చింది. తీసి వాడి చెవుల్లో, నా చెవుల్లో కుక్కాను. దూది పెద్దగా ఆపదు. నురుగు ప్లగ్గులైతే ఇరవై డెసిబెల్స్ పైనే తగ్గిస్తాయి, దూదితో తగ్గేది ఏ మూలకు? ఆ సంగతీ తెలుసు. అయినా పెట్టుకున్నాం. వాడు నవ్వాడు గానీ తీసెయ్యలేదు.

తీరా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' మధ్యలో వేగం ఆగి, గిటారు ఒక నెమ్మదైన రాగం ఎత్తుకున్నప్పుడు దూది నేనే తీసేశాను. జనం ఆ గిటారు వరుసను గొంతుతో పాడుతున్నారు. గిటారు కంటే పెద్దగా. ఆ దిమాపూర్ కుర్రాళ్లు, ఢిల్లీ జంట, పుర్రె చొక్కా కర్నూలువాడు అందరూ ఆ గుంపులో ఎక్కడో ఉన్నారు. అంత చప్పుడులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేరు. ఏం చదువుతున్నావు, ఎంత ప్యాకేజీ, ఏ ఊరు, ఎవరి పిల్లాడివి, ఏదీ అడగడానికి లేదు. మా మేనల్లుడు ఇంట్లో రోజంతా జవాబులు చెప్పే వయసులో ఉన్నాడు. ఆ రెండు గంటలు వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. వాడి ముఖం నేను చూశాను. ఆ ముఖం కోసమైతే కాసిన్ని వెంట్రుక కణాలు పోయినా పర్లేదని ఒక్క క్షణం అనుకున్నాను, వెంటనే నాయిన గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆ రెండు ఆలోచనలనూ కలిపే దారి నాకు ఇప్పటికీ దొరకలేదు.

'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్'కు లైటర్లు వెలగలేదు, గేటు దగ్గరే తీసుకున్నారు కదా. సెల్‌ఫోన్లు వెలిగాయి. చెరువులో వదిలిన కార్తీక దీపాల్లా అనిపించిందంటే అతిశయోక్తి అవుతుంది, అప్పటి నోకియా ఫోన్ల వెలుతురు నీలంగా, కాస్త దయ్యంలా ఉండేది. కానీ చాలా ఉన్నాయి.

అయిపోయాక బయటికి వస్తుంటే మౌనం. జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు, నోళ్లు కదులుతున్నాయి. మాకే ఏమీ వినిపించడం లేదు. చెవుల్లో మాత్రం కీచురాళ్లు. ఆటోవాడు ఎంతడిగాడో తెలియక వేళ్లు చూపించమన్నాం. అన్ని వేళ్లు చూపించాడు.

సోమవారం సాయంత్రం తిరుగు రైలు. హోరు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. హిందూపురం దాటాక ఫోన్ మోగింది. నాయిన. మామూలుగా ఆయన ఫోనొస్తే చెవికి జానెడు దూరం పెట్టి వింటాం. ఆ రోజు ఆనించి పెట్టుకున్నాను. మొదటిసారి ఆయన గొంతు సరిగ్గా, ఎంత కావాలో అంతే వినిపించింది.

"ఎట్లుండెరా?"

"మంచిగుండె నాయినా!"

"ఏందీ?"

"మంచిగుండే!"

"గట్టిగ చెప్పు!"

"మంచిగుండే అంటున్న! నువ్వేమన్నవ్?"

"దూది పెట్టుకున్నరా అని మీ అమ్మ అడుగుతుంది!"

"ఏందీ?"

కింది బెర్తులో పసిపిల్లను జోకొడుతున్న ఆవిడ నా మోచేతిని తట్టింది. ఏదో అంటోంది. నేను వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆమెను కూడా మళ్లీ చెప్పమన్నాను.